మరమనిషి - వెట్టిచాకిరి



మనుష్యుని యింటిపనిని యంత్రము చేయుట యెట్లు సంభవించెను, దానివలన నెవరి భారము తగ్గెను అను విషయమును గూర్చి నేడు మీకు మనవిచేయ దలచితిని. తనంతట నేల యూడ్చు యంత్రములును, పిలిచిన బదులు పలుకు పెట్టెలును, మాటకు దీపము వెలిగించు గృహములును పట్టణములందే గాక, దూరదేశముల నున్న బిడ్డలు పంపుటచే మన గ్రామములందును గానవచ్చుచున్నవి. వీని పుట్టుపూర్వోత్తరములు తెలిసిన గాని, వీనిని మన యింట నెట్లుంచుకొనవలయునో తేటపడదు.

ఈ కోరిక క్రొత్తది కాదు. ధారానగరము నేలిన భోజరాజు పేర 11వ శతాబ్దమున వెలసిన సమరాంగణసూత్రధారమను వాస్తుగ్రంథమున యంత్రములకే యొక యధ్యాయము కలదు. దీపమున నూనె పోయు బొమ్మయు, ద్వారమున కావలికాయు కొయ్యభటుడును అందు వర్ణింపబడిరి. వాని నిర్మాణమును పూర్తిగా దెలుపకుండుటకు కారణము గోప్యమే గాని అజ్ఞానము కాదని గ్రంథకర్త చెప్పికొనెను. నేటి తుర్కీ దేశమునందలి దియార్‌బకిర్ ప్రభువుల కొలువున నుండిన అల్ జజరీ యను శిల్పి, 1206లో ముగించిన గ్రంథమున, చేతులు కడుగుకొనుటకు నీళ్లుపోయు బొమ్మను పటములతో సహా వివరించెను. ఇవి రాజగృహముల వినోదములు. రాజునకు సేవకులు కొదువ లేదు. సేవకుని భారము తగ్గింపవలెనను తలంపు వీనియందు గానరాదు.

నేడు లోకమంతయు వాడు రోబో యను మాట చెక్కు దేశమున బుట్టినది. కారెల్ చాపెక్ అను రచయిత 1920లో ప్రకటించిన యొక నాటకమున, మనుష్యులకు మారుగా పనిచేయుటకై కర్మాగారమున తయారగు కృత్రిమజీవులను కల్పించెను. వానికి దగిన పేరు దొరకక యోచించుచుండగా, చిత్రకారుడగు అతని యన్న యోసెఫ్ ఈ పదమును సూచించెను. చెక్కుభాషలో రోబోట యనగా, రైతు తన పొలము విడిచి ప్రభువు పొలమున కూలిలేక చేయవలసిన నిర్బంధపు పని. మన మాటలో వెట్టి. ఆ దేశమున నది 1848లో రద్దయ్యెను. కాని డెబ్బది యేండ్లు గడచినను జనులా మాటను మఱువలేదు. నాటకమున ఆ వెట్టివారు తుదకు తిరుగబడుదురు.

ఈ యర్థమును తెలంగాణమువారికి విప్పిచెప్ప బనిలేదు. నిజాము రాజ్యమున దొరల గడులలో నీళ్లు తోడుట, బట్టలుతుకుట, అంట్లు తోముట, ఊరూర కబురు మోయుట మొదలగు పనులను చేతివృత్తులవారును, హరిజనులును కూలిలేక చేయవలసి యుండెను. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగపోరాటమునకు ఈ వెట్టి యొక ముఖ్యకారణము. కట్టుబానిస చాకిరిని దేశమంతట నిషేధించు శాసనము 1976లో వచ్చెను. నేడు మనము యంత్రమున కప్పగించు పనులలో పెక్కు, నాడు వీరి నడుము విఱిచిన పనులే. కావున యంత్రము గడపలో నడుగిడినప్పుడు నేనడుగు ప్రశ్న యొకటే: ఎవరి వెట్టి తగ్గెను?

1901లో ఇంగ్లండున హ్యూబర్ట్ సెసిల్ బూత్ దుమ్ము పీల్చు యంత్రమును నిర్మించెను. అది గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిచి, గొట్టములను కిటికీలగుండ లోనికి పంపి దుమ్ము లాగెడిది. విద్యుచ్ఛక్తి యిల్లిల్లు చేరిన పిదప నట్టి యంత్రము చేతిపనిముట్టయ్యెను. కాని అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన గ్రంథమున నొక వింతను చూపెను. యంత్రములు వచ్చినను ఇల్లాలి పనిగంటలు అంతగా తగ్గలేదు. బట్టలు మునుపటికంటె తఱచుగా ఉతుకవలసి వచ్చెను. శుభ్రతకు కొలత పెరిగెను. భర్తయు, బిడ్డలును, పనివారును పంచుకొన్న పని యామె యొక్కతెపై బడెను.

2002లో అమెరికాలో విక్రయమునకు వచ్చిన రూంబా యను మర, పళ్లెమువలె గుండ్రనిది. గోడ తగిలిన మఱలును, మెట్టు అంచు కనిపెట్టి వెనుకకు జరుగును. తొలిరకమునకు ఇంటిపటము తెలియదు; తరువాతి రకములు పటము గీచుకొన నేర్చినవి. 2014లో అమెజాన్ వారి పలుకుపెట్టె వచ్చెను. మనమాడిన మాట అంతర్జాలముగుండ దూరపు గణకయంత్రములకు పోయి, అచ్చట నర్థము తేలిన పిదప జవాబు వచ్చును. భోజుని కొయ్యభటుడు గడప దాటలేదు. ఈ సేవకునికి చెవి మన యింట, బుద్ధి పరాయి యింట.

2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము, ఇండ్లయందలి కెమేరాలను, అంతర్జాలపు పెట్టెలను వెదకి, కర్మాగారమువా రిచ్చిన సంకేతపదము మార్చని వానిని లక్షలకొలది వశపఱచుకొనెను. అట్టి సాధనముల దాడిచే ఆ యేడు అక్టోబరు 21న అమెరికాలో పేరుగాంచిన పెక్కు అంతర్జాలస్థలములు గంటలకొలది స్తంభించెను. కరెంటు బిల్లు కట్టిన యజమాని కీ సంగతియే తెలియదు. కూడుపెట్టువా డొకడు, చాకిరి చేయించుకొనువాడు వేఱొకడు! పేరులోని వెట్టి యిట్లు మరల దలయెత్తెను.

కావున యంత్రములు వలదని నా యభిప్రాయము కాదు. చూపు మందగించి యొంటరిగా నున్న ముదుసలికి, మాటతో వెలుగు దీపము మేలే. కాని యట్టి వస్తువు మీ యింటికి వచ్చినప్పుడు, దాని సంకేతపదమును మొదటనే మార్పింపుడు. అది వినుట మాన్పించు మీట యెక్కడనున్నదో చూపించుకొనుడు. అక్కఱలేని వేళ ఆపివేయుడు. మిగిలిన పని నెవరు చేయుచున్నారో కూడ గమనింపుడు. కోడలికి పని పెరిగెనా, పనిమనిషికి కూలి తగ్గెనా యని విచారింపుడు. వెట్టి యెట్టిదో యెఱిగిన మన పెద్దలు ఈ విచారణ చేయుటకు అందఱికంటె నర్హులని విన్నవించి సెలవు గైకొనుచున్నాను.