యూరిక్ ఆమ్లం – వృద్ధుల్లో గుండె జబ్బులు

మాంసం, చేపల వంటి ఆహారం నుంచీ, శరీరంలో నిత్యం నశించే కణాల నుంచీ వచ్చే ప్యూరిన్లు అనే పదార్థాలు జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చర్యతో విచ్ఛిన్నమైనప్పుడు చివరకు మిగిలేది యూరిక్ ఆమ్లం. దీన్ని ఇంకా విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము చాలా క్షీరదాల్లో ఉన్నా మనిషిలో పనిచేయదు కాబట్టి, దాన్ని బయటకు పంపే భారం ప్రధానంగా మూత్రపిండాల మీద పడుతుంది. వయసు మీరిన కొద్దీ వాటి వడపోత మందగించడం, స్త్రీలలో ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం, రక్తపోటుకు వాడే థయజైడ్ వంటి మూత్రకారక మందులు విసర్జనను అడ్డుకోవడం వల్ల వృద్ధుల రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికాలు కట్టి, గౌట్ అనే కీళ్ళ వ్యాధికి దారితీయవచ్చు.

ఈ మోతాదు హెచ్చుగా ఉన్నవారిలో గుండె జబ్బులూ, వాటి వల్ల మరణాలూ ఎక్కువని అనేక పరిశీలనలు చూపాయి. అయితే ఇది కారణమా, కేవలం సూచికా అన్నదే అసలు చిక్కు; మూత్రపిండాల బలహీనత, స్థూలకాయం, రక్తపోటు అటు యూరిక్ ఆమ్లంతోనూ, ఇటు గుండె జబ్బులతోనూ ముడిపడి ఉంటాయి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఇలాంటి ముప్పులను లెక్కలోకి తీసుకుని, యూరిక్ ఆమ్లం కారణమన్న వాదాన్ని 1999లోనే తోసిపుచ్చింది. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన బ్రిటన్‌లోని ఆల్-హార్ట్ పరీక్ష మరింత సూటిగా తేల్చింది: 60 ఏళ్ళు, ఆపైన వయసుండి, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నా గౌట్ లేని 5,721 మందిని పరిశీలించగా, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్‌ను సాధారణ చికిత్సకు జోడించినవారిలో 11.0 శాతానికి, జోడించనివారిలో 11.3 శాతానికి గుండెపోటో, పక్షవాతమో, గుండె లేదా రక్తనాళాల వ్యాధితో మరణమో సంభవించింది. గౌట్ లేని వృద్ధులకు రక్తపరీక్షలో అంకె పెరిగిందన్న ఒక్క కారణంతో గుండె రక్షణ కోసం ఈ మందు మొదలుపెట్టడాన్ని ఈ ఫలితం సమర్థించదు.