ఇందూరు బాటమీద పరుగు

పుష్యమాసమున నిజామాబాదు పట్టణమునకు సూర్యుడు తీరికగా వచ్చును. ఊరిచుట్టు పొలములమీది మంచు ఇంకను విడువదు. టీకొట్ల ముందు దుప్పట్లు కప్పుకొన్నవారు వేడి గ్లాసులకు అరచేతులు ఆనించి నిలిచియుందురు. అట్టి వేళ రోడ్డుమీద ఒక సున్నపు గీత గీచి, దానివెనుక పెద్దలు పిల్లలు గుంపుగా నిలిచి, ఈల వినబడగానే పరుగెత్తుట నేడు మన జిల్లా పట్టణములలో పరిపాటియైనది. దూరము రెండు కిలోమీటర్లో, అయిదు కిలోమీటర్లో మాత్రమే. బడిపిల్లలు, పోలీసు కొలువునకు సిద్ధపడు యువకులు, వైద్యుని మాట విని బయలుదేరిన గుమాస్తాలు, అందరును అందులో ఉందురు. చూచువారు ఇది ఈ కాలపు వేడుక అనుకొందురు. కాని పరుగు ఈ బాటలకు చాల పాతది. అందులో కొత్తదేమో తెలియవలెనన్న మనము కొంత వెనుకకు పోవలయును.

14వ శతాబ్దమున, మహమ్మదు బిన్ తుగ్లకు కాలమున, ఇబ్న్ బతూతా అను మొరాకో యాత్రికుడు మన దేశమునకు వచ్చెను. ఇచ్చటి కాలినడక టపాను చూచి అతడు ఆశ్చర్యపడెను. మైలు దూరమును మూడు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగము చివర పరుగెత్తువారిని నిలిపియుంచెడివారట. టపా మోయువాడు ఒక చేత ఉత్తరమును, మరియొక చేత రాగిగజ్జెలు కట్టిన కఱ్ఱను పట్టి, శక్తికొలది పరుగెత్తెడివాడు. గజ్జెల చప్పుడు దూరమున వినబడగానే తరువాతి మజిలీవాడు లేచి సిద్ధపడెడివాడు. ఇది గుఱ్ఱపు టపాకన్న వేగముగా సాగెడిదని అతడు వ్రాసెను. దౌలతాబాదులోనున్న సుల్తాను త్రాగుటకు నలువది దినముల ప్రయాణదూరమునుండి గంగాజలము వచ్చెడిదట.

మూడు శతాబ్దములు గడచిన పిమ్మట టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు సూరతునుండి గోల్కొండకు పలుమారు ప్రయాణము చేసెను. ఆ బాటలలో ఒకటి నాందేడు దాటి ఇందూరు, ఇందల్వాయి మీదుగా పోవుచుండెను. ఇందూరనగా మన నిజామాబాదే. ఈ దేశమున ఉత్తరములు మోయు పదాతులు ఆశ్వికులకన్న త్వరగా పోవుదురని ఇతడును చెప్పెను. ఒకడు తెచ్చిన ఉత్తరమును మరియొకని చేతికి ఈయక నేలమీద వేయుట ఆచారమట. చేతికిచ్చిన అశుభమని వారి నమ్మకము. చీకటి రాత్రులలోను వానలలోను వారు దారి తప్పకుండుటకై, చెట్లు లేని చోట్ల ప్రతి అయిదువందల అడుగులకు రాళ్లు కుప్పవేసి, వానికి తెలుపు పూయుట దగ్గరి గ్రామస్థుల విధియట. నేడు పందెము మొదలగు సున్నపు గీతను చూచినప్పుడెల్ల మాకు ఆ తెల్లని రాళ్ల కుప్పలు మనసునకు వచ్చును.

యాత్రికులు పరుగును వర్ణించిరి. పరుగెత్తినవాని పేరు మాత్రము వ్రాయలేదు. అతని కాలు పాలకుని సొత్తు. ఎప్పుడు లేవవలెనో, ఎంత వేగమున పోవలెనో, ఎచ్చట ఆగవలెనో ఇతరులు నిర్ణయించిరి.

1900 ప్రాంతమున హైదరాబాదునుండి మన్మాడువైపు రైలుబాట పడినది. నిజామాబాదు రైలు స్టేషనైనది. పొగబండి ఉత్తరములను తీసికొన్నది గాని, పరుగునుండి పేదవానికి విముక్తి కలుగలేదు. తెలంగాణములో వెట్టి ఉండెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ సాయుధ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఆ వెట్టి రూపములను వివరించిరి. ఊరి కాగితములను ఠాణాకును తాలూకా కచేరికిని మోయుట వెట్టివాని పని. దొరలును అధికారులును వేగముగల ఎడ్లబండ్లలో పోవునపుడు, దారి తొలగించుటకు బండి ముందు కొందరు, తోడుగా బండి వెనుక కొందరు పరుగెత్తవలసియుండెను. ఎడ్లు ఎంత వేగమో మనిషియు అంత వేగము. ఎడ్లకు మేత యుండెను. ఈ పరుగునకు కూలి లేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించినది. ఆ దినము కూడ చలికాలపు దినమే. మనిషి కాలు మనిషిదే అని ఈ దేశము వ్రాసికొన్న దినమది. వ్రాత ఆచరణలోనికి వచ్చుటకు ఇంకను ఎన్నో ఏండ్లు పట్టినను, వ్రాయబడుట చిన్న సంగతి కాదు.

ఈ మధ్యకాలముననే బోధను ప్రాంతపు నేల రూపు మారినది. మంజీరానదిపై 1931లో నిజాంసాగరు పూర్తియై కాలువలలో నీరు పారినది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, బోధను ప్రక్కన శక్కర్‌నగరు వెలసినది. చెరకునకు చలికాలమే కోతకాలము. నరికిన చెరకు నిలువ ఉన్నకొలది దానిలోని చక్కెర తరిగిపోవును. త్వరగా గానుగకు చేరవలెను. కావున ఈ ప్రాంతమున చలివేకువలోని తొందర యంతయు చాలకాలము చెరకుదే. కోతవాండ్రు చీకటితోనే లేచిరి. బండ్లు బారులు తీరినవి. ఇది కూలికొరకు పడిన పరుగు. వెట్టికన్న ఒక మెట్టు పైది. 2015 డిసెంబరులో ఆ మిల్లు మూతపడినపుడు ఎందరో ఆ తొందరకైనను నోచుకొనరైరి. పరుగెత్తవలసిన పని లేకపోవుటయు ఒక దుఃఖమే యని ఆ ఊరివారికి తెలియును.

ఇక తన యిచ్ఛ కొలది పరుగెత్తు హక్కు పురుషునకే ఆలస్యముగా వచ్చినదన్న, స్త్రీకి మరింత ఆలస్యమైనది. ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్సులో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తగా, వారు సొమ్మసిల్లి పడిపోయిరని పత్రికలు అతిశయోక్తులు వ్రాసినవి. ఆ పందెము 1960 వరకు మరల పెట్టబడలేదు. స్త్రీల మారథాను 1984లో, 5,000 మీటర్ల పందెము 1996లో గాని ఒలింపిక్సున చేరలేదు. రోడ్డుమీది అయిదు కిలోమీటర్లకు ప్రపంచ చాంపియన్‌షిప్పు లాట్వియా దేశపు రీగా నగరమున 2023లో మొదలైనది.

స్త్రీలు 5,000 మీటర్లు ఒలింపిక్సున పరుగెత్తిన ఆ 1996లోనే నిజామాబాదులో నిఖత్ జరీన్ జన్మించినది. క్రీడాభిమానియైన తండ్రి ఆమెను మొదట పరుగుపందెములకే సిద్ధము చేసెను. మైదానమున బాక్సింగు బరిలో బాలికలు లేకుండుట చూచి ఆమె ఆ దారి పట్టినది. 2011లో జూనియర్ ప్రపంచ విజేతయై, 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ చాంపియనైనది. ఆమె పిడికిలికి ముందు ఆమె పాదమున్నదని మనము మరువరాదు.

మేమును ఒక చలి ఉదయమున అట్టి అయిదు కిలోమీటర్ల పరుగులో వెనుక వరుసన నిలిచితిమి. గీత వద్ద పండ్లు కొట్టుకొనుచుండెను. గుంపుతోపాటు దూకి మొదటి కిలోమీటరులోనే ఊపిరి పోగొట్టుకొంటిమి. కండరములు ఖర్చుచేయు శక్తిలో నాల్గవ వంతు మాత్రమే కదలికయగును, తక్కినదెల్ల వేడిమియే. చలిగాలి ఆ వేడిని తీసికొనిపోవును గనుక వేసవిలో చేయలేని పరుగు పుష్యమాసమున చేయగలము. అయితే బిగిసిన కండరములను నడకతో సడలించి, నెమ్మదిగా మొదలుపెట్టవలెను. ఈ చిన్న శాస్త్రము మాకు మూడవ కిలోమీటరున బోధపడినది. అప్పుడు ఒక బాలిక, బడి జోళ్లతోనే, మమ్ములను దాటిపోయినది. ఆమె వెనుక ఏ బండియు లేదు. ఆమె ముందు తొలగించవలసిన దారియు లేదు.

మేము మరికొంత దూరము నడచి, మరల పరుగెత్తి, చివరి గీత దాటితిమి. ఎవరును కాలము వ్రాసికొనలేదు. ఈ బాటమీద ఏడు వందల ఏండ్లుగా మనుషులు పరుగెత్తుచునే యున్నారు. నడుమ ఆగి ఊపిరి పీల్చుకొనుటకు ఎవరి సెలవును అక్కరలేని పరుగు మాత్రము మన కాలమునకు దక్కినది.