ఏడాది ఉద్యోగం, జీవితకాలపు నిఘంటువు: ఉత్తరాంధ్ర డిగ్రీ కళాశాలల్లో కాంట్రాక్టు అధ్యాపకత్వం

కాంట్రాక్టు టీచర్లపై చర్చ ఎక్కడ మొదలైనా కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల 2013 నాటి అధ్యయనం దగ్గరికే చేరుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ పద్ధతిన ఎంచిన 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇస్తే, రెండేళ్ళలో పిల్లలకు లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. గైర్హాజరు పర్మనెంటు టీచర్లలో 27 శాతం, కాంట్రాక్టు టీచర్లలో 18 శాతం. ఈ అంకెలతో నాకు పేచీ లేదు. వాటిని తెచ్చి డిగ్రీ కళాశాలకు అతికించడంతోనే పేచీ. అధ్యాపకుడి పని పాఠంతో తీరదు. పరిశోధన ఫలితం రెండేళ్ళ పరీక్షకు అందేది కాదు.

గిడుగు రామమూర్తినే చూడండి. 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరి, 1911లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమంలో పూర్తిగా దిగింది రిటైరయ్యాకే. కొలువు ఏటేటా ఊగిసలాడి ఉంటే ఆయన సవర గూడేలకు వెళ్ళేవారా, రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవారా? గిడుగుకు దక్కిన రాజాశ్రయం, నేటి ఉద్యోగ భద్రత ఒకటి కావన్న అభ్యంతరం సరైనదే; కానీ అలాంటి పనికి నిలకడైన కొలువు కావాలన్న మాట మారదు.

సీతంపేట ఏజెన్సీలో సవరల మొక్కల పేర్లు సేకరిస్తున్న ఒక కాంట్రాక్టు అధ్యాపకుడి నోటుబుక్కు చూశాను. అకారాది క్రమంలో రాసుకున్నారు. ప్రతి పేరు పక్కనా చెప్పిన మనిషి ఊరు, ఆకు దేనికి వాడతారో ఆ వివరం. ‘త’ వరకు నిండుగా ఉంది. ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలే. ఆ ఏడు వర్క్‌లోడ్ లేదని ఆయన్ను వేరే కళాశాలకు పంపారు. కొత్త చోట పొద్దున్నే బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. వేసవి సెలవులన్నీ కొనసాగింపు జీవో కోసం ఎదురుచూడటంతోనే సరిపోయాయి. గూడేలకు వెళ్ళదగిన రోజులవే. ఇలాంటి క్షేత్ర పరిశోధన మధ్యలోనే ఆగిపోవడానికి ఒక కారణం ఈ ఏటేటా కాంట్రాక్టు కాగితమే అంటాను.

ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దొడ్డిదారి నియామకాలకు అడ్డుకట్ట వేసింది. ఆ ఉద్దేశాన్ని కాదనను. కానీ మంజూరైన పోస్టును ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచి, అందులోనే మనిషిని ఏడాదికొకసారి కొత్తగా పెట్టుకునే ప్రభుత్వానికి అదే తీర్పు సాకుగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు ఉద్యోగుల కోసం వచ్చిన 2023 క్రమబద్ధీకరణ చట్టం 2014 జూన్ 2కు ముందు చేరినవారికే దారి చూపింది. ఆ తర్వాత వచ్చినవారు, గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు ఫ్యాకల్టీ బయటే మిగిలారు. నేడు సవర, జాతాపు గూడేలకు దగ్గరి కళాశాలల్లో పాఠం చెబుతున్నవారిలో వీళ్ళూ ఉన్నారు. వర్క్‌లోడ్ పేరుతో మధ్యలో కదపకుండా, కనీసం అయిదేళ్ళ నియామకమైనా ముందు వీళ్ళకే ఇవ్వాలి.