రాత్రి రెండింటికి లేపే నొప్పి

మనిషి ఆరోగ్యంగానే పడుకుంటాడు. రాత్రి రెండు గంటల వేళ కాలి బొటనవేలి నొప్పితో మెలకువ వస్తుంది. ఆ తర్వాత దుప్పటి తగిలినా, గదిలో ఎవరైనా గట్టిగా అడుగు వేసినా ప్రాణం పోయినట్టుంటుంది. గౌట్ అనే కీళ్ల జబ్బు గురించి లండన్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ 1683లో రాసిన వర్ణన ఇది. ఆయనా ఆ జబ్బుతో ఏళ్లతరబడి బాధపడ్డవాడే. రాత్రిపూటే ఎందుకన్న ప్రశ్న మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

ముందు తేలింది నొప్పికి మూలమైన పదార్థం. 1776లో రసాయన శాస్త్రవేత్త షీలే మూత్రపు రాయిలో యూరిక్ యాసిడ్‌ను కనుగొన్నాడు. గౌట్ రోగుల రక్తంలో అది ఎక్కువగా ఉంటుందని 1848లో వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్ చూపించాడు. ఆయన పరీక్ష చూడముచ్చటైనది. రక్తపు సీరాన్ని గాజు పళ్లెంలో పోసి, కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపి, అందులో సన్నని దారపు పోగు వేసి ఉంచేవాడు. యూరిక్ యాసిడ్ ఎక్కువైతే ఒకటి రెండు రోజుల్లో దారానికి పటికబెల్లంలా స్ఫటికాలు కట్టేవి. కీళ్లలో చేరి మంట పుట్టించేవీ ఇలాంటి స్ఫటికాలే.

అయినా గౌట్ తిండిపోతుల జబ్బన్న ముద్ర పోలేదు. మన ఇళ్లలోనూ రిపోర్టు రాగానే పప్పు మానెయ్, మాంసం ముట్టకు అని మొదలుపెడతారు. తిండి ప్రభావం లేదని కాదు. నింద మాత్రం అన్యాయం. 2008లో క్రొయేషియా దీవివాసుల జన్యువులను పరిశీలించినవారికి ఎస్ఎల్‌సీ2ఏ9 అనే జన్యువు దొరికింది. మూత్రపిండాల్లో యూరిక్ యాసిడ్ రవాణా దాని పని. యూరిక్ యాసిడ్‌ను బయటికి నెట్టే ఏబీసీజీ2 జన్యువులో లోపం కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. 2018లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త టోనీ మెరిమన్ బృందం జన్యువులనూ, తిండినీ పక్కపక్కన పెట్టి తూచింది. మనుషుల మధ్య యూరిక్ యాసిడ్ స్థాయిల తేడాలో సాధారణ జన్యుభేదాల వాటా 23.9 శాతం, మొత్తంగా ఆహారపు తీరుది 0.3 శాతమే.

ఇక సిడెన్‌హామ్ రాత్రి. 2015లో అచ్చయిన అధ్యయనంలో బోస్టన్‌కు చెందిన హ్యోన్ చోయ్ బృందం 724 మంది రోగులకు వచ్చిన 1,433 నొప్పి దాడుల వేళలను లెక్కగట్టింది. అందులో 733 అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపు వచ్చినవే. పగటితో పోలిస్తే ముప్పు 2.4 రెట్లు. మద్యం ముట్టనివాళ్లలోనూ అదే తీరు. రాత్రి ఒంటి వేడి తగ్గితే స్ఫటికాలు తేలిగ్గా కడతాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది. మంటను అణచే కార్టిసాల్ హార్మోన్ కూడా అప్పుడు తక్కువే. కారణాలు ఇవే కావచ్చని పరిశోధకుల ఊహ. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ యాప్నియా ఉన్నవారికి గౌట్ ముప్పు ఎక్కువని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆక్సిజన్ అందక, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విచ్ఛిన్నమైతే చివరికి మిగిలేది యూరిక్ యాసిడే.

ఇంట్లో గౌట్ ఉన్నవారు గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా గౌట్ ఉందా అన్నది కూడా చెప్పండి. అంతేగాని, కంచం ముందు కూర్చున్న మనిషిని దెప్పకండి.