అమిగురుమి కీచైను

క్రోషే సూదితో గుండ్రంగా, బిగువుగా అల్లి, లోపల దూది కూరి, తాళాల గుత్తికో సంచి జిప్పుకో తగిలించే చిన్న బొమ్మ. ఎత్తు మామూలుగా 5 నుంచి 8 సెంటీమీటర్లు. ఇలాంటి అల్లిక బొమ్మలన్నిటికీ జపాన్‌లో వాడే పేరు అమిగురుమి. కుందేలు, కప్ప, పుట్టగొడుగు, తేనెటీగ, స్ట్రాబెర్రీ తరచుగా కనబడే రూపాలు. పుట్టినరోజులకూ స్నేహితులకూ చేత్తో అల్లి ఇచ్చే కానుకగానే దీనికి ఎక్కువ ప్రచారం వచ్చింది.

క్రోషే ఎక్కడ పుట్టిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. అరేబియా, దక్షిణ అమెరికా, చైనా అని మూడు వాదాలున్నాయి. వాటిని పరిశీలించిన డేనిష్ రచయిత్రి లిస్ పాలుదాన్, 1800కు ముందు యూరప్‌లో ఈ అల్లిక ఉండేదనడానికి గట్టి ఆధారం దొరకలేదని తేల్చారు. అచ్చయిన తొలి నమూనాలు ‘పెనెలొపె’ అనే డచ్ పత్రికవని చెబుతారు. ఏడాది 1823 అని కొందరు, 1824 అని కొందరు రాశారు. బొమ్మల అల్లిక ఊపందుకున్నది మాత్రం చాలా తర్వాత, 1970ల జపాన్‌లో. ముద్దొచ్చే చిన్న వస్తువుల మీద మోజు పెరిగిన కాలమది. సాన్రియో సంస్థ హలో కిట్టీని రూపొందించింది 1974లోనే.

అల్లిక బొమ్మ తాళాల గుత్తికి ఎలా చేరిందన్న దానికి రెండు కథనాలున్నాయి. జపాన్‌లో ఎడో యుగంలో, నడుముపట్టీకి వేలాడే సంచుల తాడు జారకుండా ఆపిన నెట్సుకే అనే చిన్న చెక్కడాలు దీనికి పూర్వరూపమని ఒకటి. 1990ల చివర జపాన్ యువత సెల్‌ఫోన్లకు కట్టుకున్న అలంకారాల నుంచి వచ్చిందని రెండోది. మొదటిది వినడానికి బాగుంటుంది కానీ మధ్యలో వందేళ్ల ఖాళీ ఉంది. రెండోదానికే ఆధారం ఎక్కువ. స్మార్ట్‌ఫోన్లకు తాడు దూర్చే రంధ్రం లేకపోయేసరికి ఆ అలంకారాలు తాళాలకూ సంచులకూ మారాయి.

అల్లే తీరు

మొదలు మ్యాజిక్ రింగ్. వేలికి దారం చుట్టి, ఆ ఉచ్చులో 6 సింగిల్ క్రోషే కుట్లు వేసి కొస లాగితే నడుమ కన్నం మూసుకుపోతుంది. తర్వాతి చుట్లలో కుట్ల లెక్క 12, 18, 24. చుట్టుకు ఆరేసి పెరగడానికి కారణం ఉంది. ఒక్కో చుట్టుకు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తంత పెరిగితే, చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషేలో కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి ఆరు కుట్లు సరిపోతాయి. అంతకన్నా ఎక్కువ పెంచుతూ పోతే అంచు కుచ్చిళ్లు పడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా టైమిన్యా 1997లో ఇదే సూత్రంతో అతిపరావలయ తలాలను అల్లి చూపారు. బొమ్మకు అది దోషం, గణితానికి పాఠం.

24 కుట్లకు చేరాక పెంచకుండా నాలుగు చుట్లు వేసి, తర్వాత రెండేసి కుట్లను ఒకటిగా కలుపుతూ తగ్గిస్తే బంతి అవుతుంది. తగ్గించేటప్పుడు కుట్టు ముందు పోగులనే పట్టుకుంటే ఎత్తుపల్లాలు కనబడవు. మూతి ఇంకా తెరిచి ఉండగానే దూది కూరాలి. చివరి 6 కుట్ల ముందు పోగుల్లోంచి దారపు కొస దూర్చి లాగి, ఆ కొసను పెద్దసూదితో బొమ్మ కడుపులోకి పోనిస్తారు. దారం చీటీ మీద సూచించిన దానికన్నా సన్నటి సూది వాడకపోతే కుట్ల సందుల్లోంచి తెల్లటి దూది బయటకు కనిపిస్తుంది. నూలుకు 2.5 మిల్లీమీటర్ల సూది తరచుగా సరిపోతుంది. మఖమల్ దారం కొత్తవాళ్లకు ఆకర్షణగా ఉంటుంది కానీ అందులో కుట్టు కంటికి ఆనదు, వేలితో తడుముకోవాల్సిందే. అమెరికన్ నమూనాల్లోని సింగిల్ క్రోషేను బ్రిటిష్ నమూనాలు డబుల్ క్రోషే అంటాయి. ఇది చూసుకోకుండా అల్లితే బొమ్మ వదులుగా తేలుతుంది.

తాళాల రింగును మూతి దగ్గర కుడితే త్వరగా ఊడుతుంది. తల మీద రెండో, మూడో చుట్టు కుట్ల కిందుగా దారం నాలుగైదు సార్లు తిప్పి బిగించడం మేలు. కళ్లు ముఖంలో కాస్త కిందికి, ఎడంగా పెడితే పసితనం వస్తుంది. పసిముఖం పెద్దల్ని ఎందుకు ఆకట్టుకుంటుందో జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1943లో చెప్పిన లక్షణాలకు ఇది సరిపోతుంది.

నరసాపురం లేసు

తెలుగునాట క్రోషే అంటే పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు. దాన్ని మెక్రే అనే మిషనరీ దంపతులు 1844లో నేర్పారని పదేపదే రాస్తుంటారు. పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలం అనడం క్షేమం. ఎగుమతిదారు దారమిచ్చి, పీసుకు ఇంత అని కూలీ కట్టే పద్ధతినీ, ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీని కార్మికురాలిగా కాక గృహిణిగా లెక్కగట్టిన తీరునూ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982 నాటి ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’లో పరిశీలించారు. ఆ పుస్తకం బొమ్మల గురించి కాకపోయినా కీచైను ధరకు వర్తిస్తుంది. అసలు క్రోషేను అల్లే యంత్రం నేటికీ మార్కెట్లో లేదు. క్రోషే పేరుతో వచ్చే యంత్రపు బట్ట మరో రకం అల్లిక. కాబట్టి చౌకగా దొరికే క్రోషే బొమ్మ వెనక ఎక్కడో తక్కువ కూలీ ఉంటుంది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పిల్లల ఆటవస్తువులకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసిన కేంద్ర ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ అందులో మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉన్నా లేకున్నా, మూడేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మకు ప్లాస్టిక్ కళ్లు పెట్టకుండా నల్లదారంతో కుట్టడమే అల్లేవారిలో స్థిరపడిన పద్ధతి.