ఒంగోలు ఆబోతు: పూర్వుల యెన్నిక

మన సంఘీయులలో గ్రామములు విడిచి గుంటూరు చేరి బ్రాడీపేటలో గృహములు నిర్మించుకొన్నవారు పెక్కండ్రు గలరు. నేటికిని పల్లెలయందే యుండి ప్రత్తియు మిరపయు పండించుచున్నవారును గలరు. ఈ యుభయులకును సమానమైన గర్వకారణ మొకటి యున్నది. అది ఒంగోలు గిత్త. సంక్రాంతికిని శివరాత్రికిని జరుగు పందెములలోను ప్రదర్శనములలోను మేలైన గిత్త కానవచ్చినపుడు వకీలునకును రైతునకును కలుగు నానంద మొక్కటియే. అయినను బహుమతి నందిన ప్రతి గిత్తయు మందకు తండ్రి కాదగినదియేనా? ఈ ప్రశ్నమునకు మన పూర్వు లేమి సమాధానము చెప్పిరో, అది నేటి శాస్త్రముతో నెంతవరకు పొసగునో విచారించుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఈ జాతి పుట్టినింటిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు ప్రవహించు రేగడి నేలలు దీని జన్మభూమి. కరవది, నిడమానూరు, జయవరము, కరుమంచి, టంగుటూరు మొదలగు గ్రామములు మేలైన పశువులకు ప్రసిద్ధి కెక్కినవి. ఒంగోలు తాలూకా 1904వ సంవత్సరము వరకు నెల్లూరు జిల్లాలో నుండి, గుంటూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. 1970లో ఒంగోలు ప్రత్యేక జిల్లా యయ్యెను. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడెను. పూర్వము నెల్లూరు జిల్లాలో నుండుటచేతనే యీ పశువులను విదేశీయులు నెల్లూరు పశువు లనిరి. బ్రెజిల్ దేశమున నేటికిని వీనిని నెలోరె యనుచున్నారు. పేరు నెల్లూరుది, పుట్టుక ఒంగోలుది.

ఇక ఆబోతు నెన్నుకొను విషయము. మన గృహ్యసూత్రములలో వృషోత్సర్గ మను కర్మ చెప్పబడియున్నది. పారస్కర గృహ్యసూత్రము దీనిని కార్తిక పూర్ణిమనాడు గాని, ఆశ్వయుజమాసమున రేవతీ నక్షత్రమునందు గాని జరుపుమనుచున్నది. విడువదగిన వృషభము సర్వాంగములును గలదై, మందలో నెల్ల మిక్కిలి రూపవంతమై యుండవలె ననుచున్నది. అంతతో విడువక దాని తల్లిని గూర్చియు రెండు విశేషణములు చెప్పుచున్నది. ఆమె జీవవత్స కావలెను, పయస్విని కావలెను. పయస్విని యనగా పాలు సమృద్ధిగా గలది. జీవవత్స యనగా బ్రదికియున్న దూడలు గలది.

ఈ జీవవత్స యను పదమును పాఠకులు శ్రద్ధతో గమనింప గోరుచున్నాము. వరాహమిహిరుడు బృహత్సంహితలో గోలక్షణములను ప్రత్యేకాధ్యాయముగా రచించెను. అచట విచారము పశువు శరీరమున కానవచ్చు చిహ్నములను గూర్చినది. సూత్రకారు డన్ననో చిహ్నములతో తృప్తినొందక వంశచరిత్ర నడుగుచున్నాడు. దూడ బ్రదుకుటకు సుఖప్రసవము మొదటి మెట్టు. ఈనలేక యీనిన యావును, దూడ యడ్డుపడి పోగొట్టుకొనిన యావును జీవవత్స యనిపించుకొనదు. అట్టి యావు కుమారు డెంత సుందరుడైనను మందకు తండ్రిగా విడువరాదని ఫలితార్థము.

ఈ కర్మ తరువాతి కాలమున మరణించినవారి పేర వృషభమును విడుచు నాచారముగా మన దేశమున వ్యాపించినది. ఒంగోలు ప్రాంతమున దీనివలన పశుజాతికి కలిగిన మేలు అపారము. కీర్తిశేషుల జ్ఞాపకార్థము కుటుంబమువారు మేలైన కోడెదూడను తెత్తురు; గ్రామపెద్దలు దానిని పరీక్షింతురు; అచ్చువేసి దేవుని పేర విడుతురు. అది యే చేనిలో మేసినను కొట్టువారు లేరు. ఊరి మందకంతకును అదియే తండ్రి. ‘అచ్చోసిన ఆబోతు’ అనుట నేడు తిట్టుగా మారినది గాని, ఆ యచ్చు మొదట యోగ్యతకు గురుతు. ఈ పద్ధతిలో మరియొక గుణము గలదు. ఆబోతు సంతానమంతయు ఆ యూరనే పుట్టి పెరుగును. ఏ యావు సుఖముగా నీనినదో, ఏ పెయ్య రాత్రియెల్ల బాధపడినదో ఊరివారి కందరకును తెలియును. వ్రాత లేకున్నను లెక్క యుండెను.

శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇంచుమించుగా నిదియే. ఈనుట కష్టమగుటకు ముఖ్యకారణము దూడ బరువునకును తల్లి కటిద్వారమునకును పొంతన లేకపోవుట. కోడెదూడ పెయ్యదూడకంటె కొంత బరువుగా పుట్టును. తొలిచూలు పెయ్యకు కటి యింకను పూర్ణముగా విరియదు; కనుక ప్రమాదము దానికే యెక్కువ. దూడ పరిమాణమున తండ్రి పాలును గలదు. పెద్దవైన గిత్తలనే తరతరములుగా నెన్నుకొనుచుండిన, పుట్టు దూడలును క్రమముగా పెద్దవగును. అయినను కొన్ని గిత్తల సంతానము తేలికగా పుట్టి శీఘ్రముగా పెరుగును. అట్టి గిత్త యేదియో మూపురమును, గంగడోలును, నడకను జూచి చెప్పుట యసాధ్యము. పుట్టిన దూడలను తూచినగాని తెలియదు. దూడ మరీ తేలికయైనను మంచిది కాదు. బలహీనమైన దూడ లేచి పాలు కుడువలేదు. మితమే కోరదగినది.

ఒంగోలు జాతికి ఈ మితము సహజముగా నబ్బినది. పుట్టినపుడు సుమారు 25 మొదలు 30 కిలోలుండు దూడ పెరిగి 500 కిలోలు మించు గిత్త యగును. ఈ గుణమే విదేశములలో దానికి కీర్తి తెచ్చినది. 1878లో లెమ్‌గ్రూబర్ అను బ్రెజిల్ దేశీయుడు జర్మనీలోని హాంబర్గు జంతుశాలలో ఈ జాతి జంటను జూచి కొనిపోయెను. 1960వ సంవత్సర ప్రాంతమున మన కరవది గ్రామపు పేరు గల గిత్త యచటికి చేరి, పెక్కు మందలకు మూలపురుషు డయ్యెను. సుఖముగా నీనునను ప్రఖ్యాతి ఆ దేశమున నెలోరె యావులకు నేటికిని గలదు. 2023లో అచట వియాటినా-19 అను నెలోరె యావు వెల నలువది లక్షల డాలర్లకు మించినది; దాని బరువు 1101 కిలోలు.

అయితే సుఖప్రసవ మను గుణమును గిత్త యొక్కటియే వెంట గొనిపోజాలదు. మూపురపు జాతి గిత్తను ఐరోపా జాతి యావుకు గట్టించినపుడు దూడలు, అందును కోడెదూడలు, మిక్కిలి బరువుగా పుట్టుచున్నవి. మూపురపు జాతి యావును ఐరోపా గిత్తకు గట్టించినపుడు దూడ అంత బరువుగా నుండదు. తల్లి గర్భమే దూడ పెరుగుదలను మితపరచుచున్నదని దీనివలన తెలియుచున్నది. సూత్రకారుడు తల్లిని గూర్చి యేల ప్రశ్నించెనో యిట బోధపడగలదు.

దీనికి విరుద్ధమైన యుదాహరణము బెల్జియము దేశమున గలదు. అచటి వారు కండ పుష్టినే కోరి తమ నీలివన్నె పశువులను తరతరముల నెన్నిక చేసిరి. తుదకు ఆ జాతి దూడలలో నూటికి తొంబదికి పైగా శస్త్రచికిత్సచేతనే బయటికి రావలసిన స్థితి యేర్పడినది. చూచువారికి కన్నులపండువు, ఈను యావునకు కడుపుకోత.

మన ప్రాంతమున నేటి స్థితి యెట్లున్నది? మందబయళ్లు తరిగిపోయినవి. మిరప చేనిలో దిగిన ఆబోతును సహించువారు లేరు. దుక్కి ట్రాక్టరు పాలయినది. ఆబోతునకు బదులు సన్నని గొట్టములో నిలువచేసిన వీర్యము వచ్చినది. దీనినే జనులు సూది వేయించుట యందురు. ఇది గొప్ప సౌకర్య మనుటకు సందేహము లేదు. ఉత్తమమైన గిత్త యొకటి వేలకొలది యావులకు తండ్రి కాగలదు. కాని దోషము గల గిత్తయు నట్లే కాగలదు. ఆ గిత్త సంతానము పది జిల్లాలలో పుట్టుటచే ఏ యూరివారికిని దాని చరిత్ర తెలియదు. చిన్న నాటు ఆవునకు 25 కిలోల దూడ నిచ్చు జెర్సీ వీర్యము తగునో, 40 కిలోల దూడ నిచ్చు హోల్‌స్టీన్ వీర్యము తగునో యాలోచింపక వేయించినచో, ఆ తొందరపాటు ఫలము ననుభవించునది నోరులేని జీవము.

కావున సంఘమువారికిని పోషక మహాశయులకును మా విన్నపము లివి. తొలిచూలు పెయ్యలకు, సంతానము తేలికగా పుట్టునని రుజువైన గిత్త వీర్యమునే వేయింపుడు. పుట్టిన దూడను తొలిదినముననే తూచి పుస్తకమున వ్రాయుడు. మిరప బస్తాలు తూచు కాటా చాలును. దూడను చేత నెత్తుకొని నిలిచి తూచి, మీ బరువు తీసివేయుడు. ప్రదర్శనములలో గిత్తలకు బహుమతు లిచ్చు దాతలు, పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు అను తరగతులతో బాటు ‘జీవవత్స’ యను పేర వరుసగా మూడీతలు సుఖముగా నీని దూడలను పెంచిన యావునకును ఒక బహుమతి యేర్పాటు చేయుదురుగాక. ఆబోతు తరగతిలో దాని దూడల పుట్టుక బరువుల పట్టిక నడుగుదురుగాక. మన పట్టణమునకు సమీపమున లాం గ్రామమందు ఒంగోలు జాతిపై పరిశోధనలు జరుపు పశుపరిశోధన స్థానము గలదు. అచటి వారి సలహాను పొందుటకు బ్రాడీపేటనుండి గడియ ప్రయాణము.

పూర్వము ఊరంతయు కలసి చేసిన యెన్నికను నేడు ఒంటరియైన రైతు ఒక్క క్షణమున చేయవలసి వచ్చుచున్నది. ఊరికి నోటనుండిన లెక్క సంఘమునకు పుస్తకమున నుండవలెను. అది లేనినాడు ఒంగోలు పేరు దేశాంతరములలో వెలుగొందినను, మన పసులకొట్టములలో ఆరిపోవును. మన పెద్దలు ఆబోతును విడుచుచు దేవుని సాక్షిగా నడిగిన ప్రశ్న యొక్కటియే: దీని తల్లి దూడలు బ్రదికినవా? ఆ ప్రశ్నను మనమును మరువకుందుముగాక.