రిజిస్టరులో పుట్టిన దొంగలు

మనిషి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలు లేకుండా ఆలోచించగలడా? ఇది పండితుల ప్రశ్న అనిపిస్తుంది. కానీ మన జాతుల చరిత్రలో ఈ ప్రశ్న పోలీసు స్టేషన్ హాజరు పట్టీలో, వేలిముద్రల కాగితంలో కనబడుతుంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలు చేసింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసింది. మన ప్రాంతంలో దాని కింద నలిగినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు.

ఆ చట్టం చేసినవాళ్లు చదువులేనివాళ్లు కాదు. నివేదికలు చదివారు, లెక్కలు రాశారు, వాదించారు. ఈ దేశంలో వృత్తి కులాన్ని బట్టి వస్తుంది, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగ అవుతాడు అన్నారు. వినడానికి వరస బాగానే ఉంది. కానీ దొంగతనం ఒక జాతి వృత్తి అని ఎవరు తేల్చారు? ఆ మొదటి మెట్టును ఎవరూ తట్టి చూడలేదు. అదే 1871లో బ్రిటన్‌లోనూ నేర నివారణ చట్టం వచ్చింది. అక్కడ రిజిస్టరుకెక్కింది శిక్షపడిన వ్యక్తి పేరు. ఇక్కడ రిజిస్టరుకెక్కింది జాతి పేరు.

వాళ్లు చూడనిది మరొకటుంది. ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎడ్ల మీద తీరం నుంచి ఉప్పును లోపలి ఊళ్లకు మోసి, ధాన్యం తెచ్చుకుని బతికేవారు. బుట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది, ఆ బేరం దెబ్బతింది. బతుకుదెరువు పోయి తిరుగుతున్న మనిషిని చూసి, తిరగడమే వాడి నేర స్వభావమని రాసుకున్నారు. కారణాన్ని వదిలేసి, కనబడిన మనిషిని పట్టుకున్నారు.

ఆ తర్వాత రిజిస్టరే తనకు కావలసిన రుజువులను పుట్టించింది. పేరెక్కినవాడు పిలిచినప్పుడు హాజరివ్వాలి. చెప్పకుండా మకాం మారిస్తే శిక్ష. చుట్టాల ఇంటికి వెళ్లినా అనుమానమే. ఇలా పడిన శిక్షలు కూడా ఆ జాతి నేరాల లెక్కలోకే వెళ్లాయి. హాజరైతే నిఘా పనిచేస్తోందన్నారు, కాకపోతే చూశారా, మేం చెప్పలేదా అన్నారు. ఏం జరిగినా నిజమే అని తేలే నమ్మకాన్ని ఇక ఏ సాక్ష్యం కదిలిస్తుంది?

మంచి చేయాలనుకున్నవాళ్లకు కూడా ఇది కనబడలేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. బడి, పని, ప్రార్థనలతో ఈ జనాన్ని బాగుచేయాలన్నది వారి ఉద్దేశం. కానీ వీళ్లు పుట్టుకతో చెడినవాళ్లా అన్న ప్రశ్నను పక్కన పెట్టి బాగుచేయడం మొదలుపెట్టారు. దయకూ కళ్లకు గంతలు ఉంటాయి.

స్వాతంత్ర్యం తర్వాత 1949లో అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ చట్టం పోయినంత తేలిగ్గా పేరు పోలేదు. 1991 నాటికి కూడా స్టువర్టుపురం పేరుతో సినిమా తీస్తే, పక్కన పోలీస్ స్టేషన్ అన్న మాట చేరింది.

మరి జవాబేమిటి? ఎవరి వీపు వాళ్లకు కనబడదు. ఒంటరిగా కూర్చుని ఎంత తెలివిగా ఆలోచించినా, తన అభిప్రాయపు వేరు తనకు అందదు. పక్కవాడు చూసి చెప్పాలి. అన్నిటికంటే ముందు, ఆ అభిప్రాయం ఎవరి మీద పడిందో వాళ్లు చెప్పాలి. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుతుందా అని ఏ కోర్టూ అడగరాదని 1871 చట్టంలోనే రాశారు. అంటే తప్పు దిద్దుకునే తలుపును ముందే మూసేశారు. పక్షపాతం ఎవరికైనా ఉంటుంది. జవాబు చెప్పే నోరు నొక్కినప్పుడే అది చట్టమై కూర్చుంటుంది.

అందుకే మన గురించి రాసిన ఏ కాగితం చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఇది ఎవరు రాశారు? రాసేముందు ఎవరిని అడగలేదు? ఏం కనబడితే ఈ మాట తప్పని వాళ్లు ఒప్పుకుంటారు? పక్క గూడెం గురించి, మరో తెగ గురించి మనం మాట్లాడేటప్పుడూ ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. హాస్టల్లో ఒక వస్తువు పోతే ముందుగా ఎవరి పెట్టె తెరిపిస్తున్నాం, ఎందుకు? ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి కూర్చుని మాట్లాడుకోవలసిన చరిత్ర పాఠం ఇదే.